ముసురులో వేయించిన పులుసుపొడి

చిత్తూరు ఊరి చివర కాలనీలో ఎస్తేరు పులుసుపొడికి సరుకులు వేయిస్తుంటే ఆ సంగతి వీధి మొదట్లోకే తెలిసిపోయేది. ధనియాలు వేరుగా, కందిపప్పు వేరుగా, మిరియాలూ మెంతులూ వేరుగా సన్నమంట మీద వేయించి, చివర్లో బాణలిలో చుక్క ఆముదం వేసి ఎండుమిరపకాయలు దోరగా వేయించేది. ఆ ఘాటుకు పక్కింటివాళ్లు తుమ్ముతూనే, "మాకూ రవ్వంత పెట్టు మే" అని గిన్నె పంపేవాళ్లు. ఆరిన సరుకును పిండిమిషనుకు తీసుకుపోయి పట్టించుకొచ్చి డబ్బాకెత్తేది. ఎండుచేపల పులుసుకైనా, వంకాయ పులుసుకైనా, ఏ కూరా లేని పూట వేడి సంగటి పక్కన నూనెలో కలుపుకోవడానికైనా ఆ ఇంట్లో అదే దిక్కు.

ఆ పొడి పడకపోతే ఆమె మొగుడు ఇమ్మానుయేలుకు ముద్ద దిగేది కాదు. అతను నల్లరాయి కోసే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రాతిదుమ్ముకు కనుబొమలతో సహా తెల్లగా ఉండేవాడు. నీళ్లు పోసుకొని వచ్చి, ముందు తపేలా మూత తీసి వాసన చూసేవాడు.

"మే, ఈ వాసన కోసరమే నేను పని కాణ్ణించి నేరుగా ఇంటికొచ్చేది. ల్యాకుంటే బ్రాందీ అంగటికి పోయుంటా," అని ఆమెను నవ్వించేవాడు.

దగ్గు మొదలైనప్పుడు జలుబన్నారు. తగ్గకపోతే క్షయ అనుకొని మాత్రలు మింగించారు. మనిషి చిక్కిపోయాడే గానీ దగ్గు మాత్రం పోలేదు. చివరికి వేలూరు తీసుకుపోతే, అక్కడి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము చేరిందని, దాన్ని బయటికి తీసే మందు లేదని చెప్పాడు. ఇక ఆ పని వద్దన్నాడు. పొగ, దుమ్ము, ఘాటు మనిషి దగ్గరికే రానీయొద్దన్నాడు.

తిరుగు బస్సులో ఇమ్మానుయేలు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎస్తేరు పలకరించబోతే, "ఊరికే ఉండు మే," అన్నాడు.

మిరపకాయలు వేయించడం ఎంత ప్రాణాంతకమో ఆమెకు ఆ తర్వాత తెలిసింది. అతను నడింట్లో పడుకొని ఉండగా, తలుపు మూసుకొని వంటింట్లో వేయించింది. తలుపు సందుల్లోంచి ఘాటు పోయింది. దగ్గి దగ్గి అతని పెదాలు నీలంగా మారాయి, కళ్లు తేలేశాడు. ఎస్తేరు బాణలి పట్టుకొని పెరట్లోకి పరుగెత్తి మిరపకాయలన్నీ మట్టిలో కుమ్మరించింది. వెనక్కి వచ్చి అతని వీపు రుద్దుతూ, "ఇంగ ఎప్పుటికీ ఏంచనయ్యా, ఎప్పుటికీ ఏంచను" అని ఏడ్చింది.

ఎండాకాలంలో ఒక దారి దొరికింది. మిద్దె మీద పాత చీర పరిచి, సరుకులన్నీ గలగలమనేదాకా ఎండబెట్టింది. వేయించిన రుచి రాకపోయినా, ఆ ఎండలకు పచ్చివాసన పోయింది. వాటిని పట్టించుకొని పిండిమిషను నుంచి రాగానే దొడ్లో తలకు పోసుకొని, చీర మార్చుకున్నాకే అతని దగ్గరికి పోయేది. ఇమ్మానుయేలు పొడి సంగతి ఎత్తకుండా పెట్టింది తినేవాడు.

వానలు మొదలయ్యాక ఆ దారీ మూసుకుపోయింది. తుఫాను వెంట తుఫాను వచ్చి, ముసురు వదలలేదు. డబ్బా అడుగంటింది. అంగట్లో పొట్లం తెచ్చి పులుసు పెడితే అతను రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు. "ఆకలి ల్యా," అన్నాడు. మరునాడూ అంతే. చర్మం కింద ఎముకలు తప్ప ఏమీ లేని మనిషి తిండి కూడా మానేస్తే ఏమవుతాడో ఆమెకు తెలుసు. పక్కవీధిలో ఉన్న ఆడబిడ్డ స్టెల్లాను, మీ పొయ్యి మీద వేయించుకుంటానని అడిగింది.

"పాలు తాగే బిడ్డ ఉండాది గదా వదినా, ఆ ఘాటు తగిలితే ఎట్ల?" అంది స్టెల్లా.

ఇంక ఇమ్మానుయేలే ఉపాయం చెప్పాడు.

"నేను చర్చి వరండాలో కూర్చోనుంటా. నువ్వు కిటికీలన్నీ తెరిచి ఏంచుకో. ఘాటు పోయినాక వచ్చి పిలువు."

"ఈ వానలోనా?"

"గొడుగుండాది గదా. స్టెల్లా ఇంటిదాకా నడవలేను గానీ, నాలుగిండ్లు దాటితే చర్చి. నోరు సచ్చిపోయి ఉండాది మే. ఒక్కపూటన్నా మనిషి మాదిరి తింటా."

ఆమె వద్దంది. అతను అప్పటికే గొడుగు చేతికి తీసుకున్నాడు. దుప్పటి కప్పుకొని, గోడలు పట్టుకుంటూ అతను పోవడం గడపలో నిలబడి చూసి, ఎస్తేరు పొయ్యి వెలిగించింది.

మిరపకాయలు బాణలిలో పడేసరికి వాన పెద్దదైంది. ఎన్ని కిటికీలు తెరిచినా ఆ తడిగాలికి ఘాటు ఇంట్లోంచి కదలలేదు. తువ్వాలు పట్టుకొని విసిరింది, నేలంతా నీళ్లు చల్లి తుడిచింది, సరుకు మిక్సీలో వేసి తిప్పి డబ్బాకెత్తి మూత బిగించింది. గాలి తేటపడిందనిపించాక పరుగెత్తింది. వరండాలోకి జల్లు కొడుతోంది. ఇమ్మానుయేలు చర్చి తలుపుకు ఆనుకొని, తడిసిన దుప్పటిలో ముడుచుకొని కూర్చున్నాడు. గాలికి తిరగబడిన గొడుగు మెట్ల కింద నీళ్లలో పడి ఉంది.

"అయ్యో, ఇంటికి వచ్చేయగూడదా?"

"నువ్వు పిలువలేదు గదా," అన్నాడు. పళ్లు కటకటలాడుతున్నా నవ్వబోయాడు.

ఇంటికి తీసుకొచ్చి పొడి బట్టలు తొడిగి, వేడివేడిగా వంకాయ పులుసు పెట్టింది. అతను మూత తీసి వాసన చూశాడు. మారు పెట్టించుకున్నాడు. కంచం వేలితో తుడుచుకొని తిన్నాడు. అతను తింటుంటే ఎస్తేరుకూ ఆకలేసింది.

తెల్లారేసరికి అతని ఒళ్లు కాలిపోతోంది. ఫ్యాక్టరీలో అతనితో కలిసి పనిచేసిన చెంగల్రాయుడు ఆటో పిలుచుకొచ్చి ఆసుపత్రికి చేర్చాడు. ముక్కుకు గొట్టం పెట్టారు. ఇమ్మానుయేలు చేత్తో ఏదో సైగ చేశాడు. నీళ్లేమో అనుకొని ఆమె గ్లాసు అందించింది. అది కాదన్నట్టు తల ఊపాడు. ఏమడిగాడో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు. వాన వెలవకముందే పోయాడు. సమాధుల తోటలో గుంటలోకి ఊరుతున్న నీళ్లు తోడి పోస్తూనే పెట్టెను దించారు.

పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు ప్రార్థనకు చేరే ఆదరణ కూడిక నాడు భోజనాలకు స్టెల్లా ఆ డబ్బాలో పొడంతా సాంబారులో వేసింది. తిన్నవాళ్లు బాగుందన్నారు. ఎస్తేరు కంచం ముట్టలేదు. అందరూ పోయాక, "నేను ఏంచకపోయుంటే బతికుండును," అంది.

"నా బిడ్డనెత్తుకోని నేను రవంతసేపు యాడికన్నా పోయుంటే సరిపోయుండేది వదినా," అంది స్టెల్లా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున చెంగల్రాయుడి భార్య గురవమ్మ సంచి పట్టుకొని వచ్చింది. అందులో ధనియాలు, ఎండుమిరపకాయలు ఉన్నాయి.

"అక్కా, నీ పొయ్యి మీద ఇవి ఏంచుకుంటా. మా ఇంట్లో ఏంచితే మా ఆయప్పకు దగ్గు తెరలు తెరలుగా వస్తా ఉండాది."

ఎస్తేరు సంచి అందుకోలేదు. "ఎప్పుటినించి?"

"సలికాలం నించి. ఊరికే దగ్గు, అంతే."

"ఊరికే దగ్గు గాదు గురవా. పని మాన్పించు. రేపే వేలూరికి పిలుచుకోని పోదాం, నేనూ వస్తా."

గురవమ్మ మొహం మాడిపోయింది. "అట్ల అనొద్దక్కా. మీ ఆయప్పకు వచ్చిందని మాకూ రావల్లనా? పని మానేస్తే బిడ్డలకు ఏం పెట్టేది?"

సంచి తీసుకొని విసురుగా గడప దాటింది. దాటి అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి గోడకు ఆనుకొని కూలబడింది. "రాత్రిళ్లు పడుకోలేడక్కా. కూర్చోనే నిద్దరపోతాడు," అంది ఏడుస్తూ. ఎస్తేరు వచ్చి పక్కన కూర్చుంది.

చెంగల్రాయుడు వేలూరికి రాలేదు. ఎస్తేరు స్వయంగా పోయి చెప్పినా, "నాకేం కాలేదక్కా, నువ్వు భయపడొద్దు," అని క్యారియరు తగిలించుకొని పనికి పోయాడు. కొన్నాళ్లకు గురవమ్మ అదే సంచితో మళ్లీ వచ్చింది. ఈసారి ఎస్తేరు సంచి అందుకుంది. బాణలి పొయ్యి మీద పెట్టింది. ధనియాలు గురవమ్మ వేయించింది, మిరపకాయలు ఎస్తేరు వేయించింది. ఘాటుకు ఇద్దరి కళ్లవెంటా నీళ్లు కారుతున్నాయి. బయట రోడ్డు మీద రాళ్ల లారీ ఒకటి ఫ్యాక్టరీ వైపు పోతోంది.