పట్టుచీర జంపఖానా

పొద్దంతా నేసిన జానెడు జంపఖానాను పొద్దుగూకాక విప్పడం మూడేళ్లుగా నా పని. నేత పూర్తయితే మగ్గం ఖాళీ అవుతుంది. నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించేదాకా చూడవచ్చినవాళ్లకు ఫోటో దొరకదు. "నువ్వు నేసుడెందుకు, నేసినట్టు కనవడితె సాలు" అన్నాడు మా ఆయన సదానందం.

మట్టెవాడలో మా ఇంట్లో మూడు మగ్గాలుండేవి. ఖిలా కోట, రామప్ప గుడి చూడటానికి వచ్చేవాళ్లు పెరిగాక ఆయన రెండింటిని పాత సామాన్లవాడికి అమ్మి, ఆ జాగాలో గెస్టులకు గదులు వేశాడు. మూడోదాని ముందు నన్ను కూర్చోబెట్టాడు, ఎర్ర పట్టుచీరలో. పట్టుచీర కట్టుకుని మగ్గమెక్కేదాన్ని మా వాడలో నేనెప్పుడూ చూడలేదు. టిఫిన్లు చేసి, పక్కబట్టలు, బాత్రూములు అన్నీ కడిగి ముగించి, బొట్టు దిద్దుకుని నవ్వు మొహం పెట్టాలి. ఒకడు నేత నేర్పమని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ సంగతి చెబితే, "ఐదు స్టార్లిచ్చి పోయిండు, లొల్లి జెయ్యకు" అన్నాడు సదానందం. పక్కింటి సుగుణక్క జంపఖానాల ఆర్డర్ ఇప్పిస్తానంటే, నన్నడగకుండానే "మాకు గెస్టులున్నరక్కా, ఫికర్ లేదు" అని పంపేశాడు.

ఈ ఏడు ఎక్కడో యుద్ధమని విమానాలు ఆగాయి. తర్వాత వానలకు రోడ్లు తెగాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ల సరదా మీద పొయ్యి వెలిగించుకున్న ఇల్లు మాది. వాళ్లు రాకపోయేసరికి బియ్యం కూడా అరువైంది. "నీ ఏడ్పు మొఖం జూసే ఎవ్వలు వస్తలేరు" అంది మా అత్త మొగిలమ్మ. అయినా రోజూ పట్టుచీర కట్టాల్సిందే. ఎవరైనా వస్తే?

చివరికి ఆయనే ఒక బేరం తెచ్చాడు. "మగ్గం హోటలోళ్లకు ఇస్తాన్న. హాల్ల వెట్టుకుంటరట. నిన్ను గూడ రమ్మన్నరు, గీ చీరెల్నే కూసోవాలె."

"ఆడనన్న నేత పూర్తి చెయ్యనిస్తరా?"

"పిచ్చిదానివా? ఆడ గూడ విప్పుడే."

"పడుగున్న మగ్గం కదిపితె ఇల్లు నిలువది, కోసి పెట్టు" అని అత్త గుర్తుచేసింది. ఆయన తలూపి, కోసే పని నాకు చెప్పి, మిగిలిన బేరాలకు హైదరాబాద్ పోయాడు.

ఆ సాయంత్రం నేను విప్పలేదు. ముందుకు నేయబోతే, విప్పి విప్పి పీచుపట్టిన నూలు దెబ్బ దెబ్బకూ తెగింది. లోపలికి పోయి కత్తెర తెచ్చుకుని పట్టుచీరను పేలికలు చేశాను. ఆ పేలికల్నే అడ్డం పేకగా వేసి నేశాను. నేను నేస్తుంటే అత్త అది ఎప్పటిలాంటి నటనే అనుకుంది. నాలుగు రోజుల్లో నిండుగా నేసి కోసి, గడపలో పరిచాను. ఆ తర్వాత సుగుణక్క తన ఆర్డర్ నూలు తెస్తే, ఇద్దరం కూర్చుని కొత్త పడుగును పోగు పోగూ అతికాం.

ఆయన హోటల్ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మగ్గం మీది తెల్లటి పడుగు చూసి గడపలోనే ఆగిపోయాడు. అత్త వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది, పడుగున్న మగ్గాన్ని కదపమని ఆమె నోటితో ఎలా అంటుంది?

"నీ చీరేది?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"కాళ్ల కిందున్నది" అన్నాను. "హోటలోళ్లను తుడుసుకొని పొమ్మను."