చింతచెట్టు మీది కొంగలకు ఏ లెన్సు?

మా సుశీలత్త ఒకే ఒక ఫొటో అడిగింది. ఆ ఒక్కదానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

నేను ప్రొద్దుటూరులో పెళ్ళి ఫొటోలు తీస్తాండా. ఆడమనిషి కెమెరా పట్టుకోని మండపమెక్కితే వంటోళ్ళు గూడా గరిటె ఇడిసిపెట్టి నోరు తెరిచి సూసిన కాలం నుంచీ ఇదే పని. ఎవురి పెళ్ళికి పోయినా ఒకటే మాట, "మొగాలు పెద్దగా రావల్ల మేడం!" అని. ఎనకాల ఏముండాదో ఎవురిక్కావల్ల? అట్ల తీసీ తీసీ నా చేతికి అదే అలవాటైపోయింది.

సుశీలత్త మా నాయనకు చెల్లెలు. అమ్మ లేని నన్ను సాకింది ఆమే. ఇప్పుడు కొండాపురం దగ్గర కాలనీలో ఉంటాది. వాళ్ళ ఊరు గండికోట డ్యాం నీళ్ళల్లో మునిగిపాయ. చర్చి పాయ, చర్చి ఎనకాల సమాధుల తోటా పాయ. ఆ తోటలోనే మా జోయల్ మామ ఉండాడు. ఈస్టరు ముందురోజు అత్త తన చేత్తోనే సమాధికి సున్నం కొట్టేది. తెల్లారుజామున పూలు పెట్టి, కొవ్వొత్తి ఎలిగించి, మామతో ఏదో ఒక పోట్లాట పెట్టుకోని వచ్చేది. ఇప్పుడు ఈస్టరొస్తే చర్చి నుంచి సక్కా ఇంటికొచ్చి గోడ తట్టు తిరిగి పండుకుంటాది.

తోటలో మిగిలింది ఒక్క చింతచెట్టు. అదీ మోడే. నీళ్ళల్లోంచి తల మాత్రం కనపడతాది. మామ సమాధి దాని మొదట్లోనే ఉండేది. చెట్టు కుళ్ళి, మొన్న గాలివానకు పెద్దకొమ్మ ఊడిపడిందని తెలిసిన కాణ్ణుంచీ అత్తకు ఒకటే దిగులు.

"మే విమలా, ఆ చెట్టు గూడా పడిపోతే మీ మామ యాడుండాడో నాకింగ తెలీదు," అనింది. "నాకా మోకాళ్ళు రావు, గట్టు ఎక్కలేను. ఎక్కినా అంతదూరం కండ్లు ఆనవు. నువ్వొక ఫొటో తీసియ్యి. కొంగలు లేసేటప్పుడు తియ్యి. అవి కూసోనుంటే చెట్టే కనపడదు, అంతా తెల్లగా కొంగలే."

సరేనని లాల్ బాషా మామ దగ్గరికి పోయినా. ఆయనకు కెమెరాలు బాగుచేసే అంగడి ఉండాది. పిట్టలంటే పిచ్చి.

"ఎగిరే కొంగకు నీ పెళ్ళిళ్ళ లెన్సు పనికొస్తాదా అమ్మా? దోమల మాదిరి పడతాయి!" అని, తన ప్రాణం అనుకునే పెద్ద లెన్సు తెచ్చి నా చేతిలో పెట్టినాడు. చంటిబిడ్డంత బరువు. జూమ్ గాదు, ముందుకూ జరగదు ఎనక్కూ జరగదు. నేనూ దాన్ని సంకనేసుకోని వచ్చేసినా. పెద్దగా రావల్ల గదా మరి!

తెల్లారకముందే గట్టు మీద కూసున్నా. ఎలుగొచ్చేసరికి కొంగలు లేసినాయి. లెన్సులో సూస్తే ఉత్త ఆకాశం. ఇంగో పక్కకు తిప్పితే ఉత్త నీళ్ళు. కొంగ యాడికి పోయిందో దేవుడికే తెలియల్ల. "మీ జిమ్మడ!" అని నోటికొచ్చినట్ల తిట్టినా. ముందు రెండు కండ్లూ తెరిసి కొంగను పట్టుకోని, సూపు తిప్పకుండా కెమెరా కంటికి తెచ్చుకోవల్లని తెలుసుకునేసరికి చేతులు పడిపోయినాయి. ఆఖరికి ఒకటి దొరికింది. అబ్బ, ఏం ఫొటో అది! రెక్కలో ప్రతి ఈకా ఇడివిడిగా, కంట్లో ఎండ మెరుస్తా ఉండాది. బాషామామ సూసి "సుభానల్లా" అన్నాడు.

దాన్ని పెద్దగా చేపించి అత్త చేతికిచ్చినా. అద్దాలు తుడుసుకోని, కండ్లకానిచ్చుకోని శానాసేపు సూసింది.

"కొంగ శానా బాగుంది మే," అనింది. "మీ మామ యాడ?"

నాకు ఒళ్ళు మండింది. "ఇంత కష్టపడి తెస్తే..." అని నోరు తెరిసి, ఫొటో తట్టు సూసి మూసుకున్నా. కొంగ ఎనకాల అంతా గంజి మాదిరి మసక. ఒక్క కొమ్మ లేదు. ఏ చెట్టైతేనేం, ఏ చెరువైతేనేం? అది ఏ దేశంలో కొంగైనా కావచ్చు.

"పోనీలే, కొంగనన్నా సూస్తి గదా," అని అత్త నా చెయ్యి నిమిరింది. తిట్టింటే బాగుండు. నాకు ఏడుపాగలా.

ఆ సాయంత్రమే మబ్బు పట్టి గాలి లేసింది. లెన్సు తిరిగిస్తే బాషామామ మొగం చిన్నబోయింది. "దాంట్లో ఏం తప్పుండాదమ్మా?"

"దాంట్లో ఏం తప్పు లేదు మామా. నేనే కొంగను తీసినా, ఆమె అడిగింది చెట్టును."

మర్సటి రోజు చీకటి ఇడవకముందే స్కూటీ తీసినా. దారంతా ఒకటే ప్రార్థన. "ప్రభువా, పడిపోనియ్యొద్దు, ఈ ఒక్కపూట నిలబెట్టు." చెట్టుండాది. ఒక పక్కకు బాగా ఒరిగింది గానీ ఉండాది. ఈసారి నా పాత పెళ్ళిళ్ళ లెన్సే. చెట్టూ, నీళ్ళూ, ఎనకాల కొండా అన్నీ పట్టేదాకా జూము ఎనక్కి లాగినా. కొంగలు లేసినాయి. చెట్టు బోడిగా కనపడింది. నొక్కినా. బాషామామ చెప్పినట్లే దోమల మాదిరే పడినాయి. పడనీ!

అత్త ఈసారి అద్దాలు తుడుసుకోలా. ఫొటో ఒళ్ళో పెట్టుకోని, "ఇది మన గుట్ట... ఇట్లొస్తే చర్చి... ఇదో చెట్టు," అని నీళ్ళ మీద ఏలు జరుపుకుంటా పోయి మోడు పక్కన ఆపింది. "ఈడ." ఏలు అట్లే ఉంచి కండ్లు మూసుకుంది.

కండ్లు తెరిసి ఏలు ఒక ఇంచి ఇవతలికి జరిపింది. "ఈ జాగా నాకని ఇడిసిపెట్టుకునింటి మే. ఇంగ నన్ను ఆడ పెట్టలేరు గదా. దీన్నే చిన్నగా ఇంగోటి చేపియ్యి. నేను పోతే పెట్టెలో గుండెల మీద పెట్టు."

"ఛీ, నోరు ముయ్యత్తా! పొద్దున్నే ఏం మాటలవి?" అని గట్టిగా అరిసినా. అరిసి, చెంగుతో మొగం తుడుసుకోని, ఫొటోలు తీసేదాన్ని గదా, అడక్కుండా ఉండలేకపోయినా. "ఫొటో మొగం ఏ తట్టుకుండల్ల?"

"నా తట్టుకే," అనింది అత్త. "ఇంగెవురు సూడల్ల?"