నాలుగింటికి పొడుగోడు

మా పిన్నికి ముప్పై తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళుగా లాండ్రీలో పనిచేస్తోంది. ఆమెకి డీజేలంటే పిచ్చి. ఈ మూడు సంగతులూ పక్కపక్కన చెబితే ఎవరూ నమ్మరు. మా కాలేజీలో ఒకమ్మాయికి చెబితే, "మీ పిన్నికా, మీ పిన్ని కూతురికా?" అని రెండుసార్లు అడిగింది.

అమ్మా పిన్నీ ఒకే చోట పనిచేస్తారు. పెద్ద హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఆ లాండ్రీకి వస్తాయి. నేను పదో తరగతిదాకా పల్లెలో అమ్మమ్మ దగ్గరుండి చదువుకుని, పైచదువుకి వీళ్ళ దగ్గరికి వచ్చాను. ముగ్గురం రెండు గదుల ఇంట్లో ఉంటాం. వచ్చిన మొదటి వారమే పిన్ని నాకు 'నత్త' అని పేరు పెట్టింది. ఎవరైనా పలకరిస్తే లోపలికి ముడుచుకుపోతానట.

ఈ పిచ్చి ఎలా మొదలైందో పిన్నే చెప్పింది. ఆరేళ్ళ కిందట ఆమెకి డ్రయర్ల దగ్గర పని. ఆ రొద భరించలేక చెవుల్లో పాటలు పెట్టుకునేది. "మామూలు పాటలు పెడితే మెషిన్‌తో పోట్లాడతాయే. పాటా వినపడదు, తలనొప్పీ పోదు. ఒకరోజు ఫోన్ దానంతటదే ఏదో మోగించింది. మాటల్లేవు, పల్లవి లేదు. డ్రయర్ ఎలా తిరుగుతోందో అదీ అలాగే తిరుగుతోంది. రెండూ కలిసి నడిచాయి. ఆ రోజు షిఫ్టు ఎప్పుడు అయిపోయిందో నాకు తెలీదు."

అది వాయించినవాణ్ణి పిన్ని 'పొడుగోడు' అంటుంది. అతని అసలు పేరు నోరు తిరగదు. వీడియోల్లో బల్లమీదికి వంగి, ఒక చేత్తో చెవి మూసుకుని కనిపిస్తాడు. వాడి పాటలకి కూడా పిన్ని తన పేర్లే పెట్టుకుంది. 'మెట్లు' అని ఒకటి, ఎందుకంటే ఎక్కుతూనే ఉంటుంది. 'తడి దుప్పటి' అని ఒకటి, బరువుగా ఉంటుంది కాబట్టి. అన్నిటికన్నా ఇష్టమైనది 'ఖాళీ గది'. అందులో మధ్యలో అంతా ఆగిపోతుంది. ఒక్క చప్పుడు కూడా ఉండదు. తర్వాత ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది.

"ఆగినప్పుడేం బాగుంటుంది పిన్నీ?" అని అడిగాను.

"షిఫ్టు అయ్యాక మెషిన్ ఆపుతారు చూడు, అప్పుడు ఒళ్ళంతా ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నీకు తెలీదులే. నువ్వు ఒళ్ళు వంచితే కదా."

అమ్మకి ఇదంతా వినోదం. "డీజే అంటే పెళ్ళిలో పాటలు పెట్టేవాడే కదే. వాడి మొహం చూడ్డానికి టికెట్టు ఎందుకు? మన వీధి చివర కూడా ఒకడున్నాడు."

"అక్కా, నువ్వు దుప్పట్లు మడత పెట్టు."

పొడుగోడు ఆరేళ్ళలో ఎప్పుడూ ఇటువైపు రాలేదు. ఈ ఏడాది మా ఊరి బయటి మైదానంలో జరిగే సంగీత ఉత్సవానికి వస్తున్నాడని తెలిసింది. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా, చిన్న స్టేజీ మీద. పెద్ద పేరున్నవాళ్ళంతా రాత్రికి, వీడు పగటి వాడు. పిన్ని రెండు టికెట్లు కొంది. రెండోది అమ్మకి. అమ్మ కాళ్ళు చూపించింది. మడమల దగ్గర వాచి ఉన్నాయి. అలా అది నాకు వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు వెళ్ళాలని లేదు. అంతమంది మధ్య నిలబడటం నావల్ల కాదు. కానీ పిన్ని మొహం చూసి ఊరుకున్నాను.

టికెట్టు అంటే కాగితం కాదు, చేతికి కట్టుకునే గుడ్డ పట్టీ. దానికొక చిన్న ప్లాస్టిక్ పూస ఉంటుంది. పూసని లాగితే పట్టీ బిగుస్తుంది, మళ్ళీ వదులవదు. తీయాలంటే కత్తిరించాల్సిందే. కత్తిరిస్తే చెల్లదు. ఉత్సవం రోజునే కట్టుకోమని కవరు మీద రాసి ఉంది. పట్టీలు మంగళవారం వచ్చాయి. పిన్ని తనది మంగళవారమే కట్టేసుకుంది.

"చేతికి ఉంటే ఎక్కడికి పోతుంది?" అంది. నాది నా డైరీలో పెట్టుకున్నాను.

ఇక్కడ రోలరు సంగతి చెప్పాలి. అది గదంత వెడల్పున్న ఇస్త్రీ యంత్రం. ఇటువైపు ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని దాని నోట్లో పెడితే, అటువైపు ఆరి, ఇస్త్రీ అయి వస్తుంది. చాలా ఏళ్ళ కిందట ఒకావిడ చేతికున్న దారం అందులో చిక్కుకుని రెండు వేళ్ళు పోయాయి. ఆ రోజు అమ్మ అక్కడే ఉంది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. మెషిన్ వేసే ముందు ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేతులు పైకెత్తుతారు. ఒకరి మణికట్లు ఒకరు చూస్తారు. గాజో, దారమో, ఏదున్నా సరే, యంత్రానికి వేలాడదీసిన చిన్న కత్తెరతో కత్తిరించేస్తారు. అడగరు. చెప్పరు. ఎవరూ కోపం తెచ్చుకోరు.

అందుకే పిన్ని ఆ వారమంతా మడత బల్ల దగ్గర పనిచేసే ఆవిడతో పని మార్చుకుంది. కానీ ఆ వారం పని మామూలుగా లేదు. ఉత్సవానికి వచ్చినవాళ్ళతో హోటళ్ళన్నీ నిండిపోయాయి. దుప్పట్లు రెట్టింపయ్యాయి. ఇద్దరూ రోజూ షిఫ్టున్నర చేస్తున్నారు. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళు. శుక్రవారం నేను అన్నం కలిపి చేతిలో పెడితే, పిన్ని ముద్ద పట్టుకునే నిద్రపోయింది.

శనివారం ఆ మడత బల్ల ఆవిడకి జ్వరం వచ్చింది. సూపర్వైజరు పిన్నిని రోలరు దగ్గరికి పంపాడు. అవతల కొస అమ్మది.

ఏం జరిగిందో నేను చూడలేదు. ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఇద్దరూ తప్పు తనదేనని చెప్పారు. పిన్ని నిద్రమత్తులో అలవాటుగా చేతులెత్తింది. అమ్మ నిద్రమత్తులో అలవాటుగా కత్తెర అందుకుంది. టక్కుమంది. పట్టీ తడినేల మీద పడింది. ఇద్దరూ దాన్ని చూశారు. అప్పటికి సూపర్వైజరు మెషిన్ వేశాడు. సాయంత్రం దాకా ఇద్దరూ దుప్పట్లు పెడుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కోలేదు. సూదిడబ్బా తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చిరిగిన దుప్పట్లు బాగుచేసేది కూడా అమ్మే. ఆమె కుట్టిన చోటు హోటలువాళ్ళకి ఎప్పుడూ దొరకలేదు. పట్టీ అంచులోంచే నాలుగు దారాలు లాగి, వాటితోనే కుట్టింది. గంటన్నర పట్టింది. పిన్ని అటు తిరిగి పడుకుని ఉంది, నిద్రపోలేదు.

"చెయ్యి ఇలా ఇవ్వు," అంది అమ్మ చివరికి.

పిన్ని లేవకుండానే చెయ్యి చాపింది. అమ్మ చేతిమీదే ఆఖరి నాలుగు కుట్లూ వేసి, దారం పంటితో కొరికింది. నేను దీపం దగ్గరికి తెచ్చి ఆ చెయ్యి చూశాను. ఎక్కడ తెగిందో నాకు కనపడలేదు.

"నేను కళ్ళు మూసుకుని కత్తిరించినట్టున్నానే," అంది అమ్మ.

"నేను కళ్ళు మూసుకుని ఎత్తాను కదా," అంది పిన్ని. "పడుకో అక్కా."

ఆదివారం రెండింటికి బయల్దేరాం. అందరూ మెరుపులు పూసుకుని, రంగురంగుల కళ్ళద్దాలతో వచ్చారు. పిన్ని లాండ్రీకి వేసుకునే తెల్లబూట్లే కడిగి వేసుకుంది. ఎంతసేపైనా నిలబడగలిగేది వాటిలోనేనంది. వరసలో మా ముందున్న కుర్రాళ్ళు పొడుగోడి గురించి ఏదో తప్పు చెబుతుంటే, పిన్ని వెనకనుంచి సరిదిద్దింది. వాళ్ళు తిరిగి చూసి, "ఆంటీ, మీరు ఎవరి తాలూకు?" అన్నారు.

"నా తాలూకే నాయనా," అంది పిన్ని.

గేటు దగ్గర ఒక కాపలా ఆవిడ ఉంది. పొద్దున్నుంచి నిలబడి ఉన్నట్టుంది, ఒక కాలిమీద నుంచి ఇంకో కాలిమీదికి మారుతోంది. చేతిలో ఉన్న చిన్న స్కానింగ్ యంత్రాన్ని పిన్ని పట్టీకి చూపించింది. పచ్చలైటు వెలిగింది. నేను ఊపిరి వదిలాను. అప్పుడామె పట్టీ కింద వేలు దూర్చి చుట్టూ తిప్పింది. ఒకచోట వేలు ఆగింది.

"ఎవరు కుట్టారమ్మా?"

పిన్ని అబద్ధం చెప్పలేదు. "మా అక్క."

"చాలా బాగా కుట్టింది. నా వేలికి తగిలింది గానీ కంటికి కనపడలేదు." ఆమె ఇంకోసారి వేలు తిప్పింది. "కానీ తెగిన పట్టీతో ఎవర్నీ లోపలికి పంపకూడదమ్మా. ఒకరు తీసి ఇంకొకరికి ఇస్తారని. నేను వదిలినా లోపల ఇంకో గేటుంది. అక్కడివాళ్ళు నాలాగా మాట్లాడరు."

"పనిలో పొరపాటున తెగింది. రోలరు దగ్గర..." పిన్ని మొదలుపెట్టి ఆపేసింది. అదంతా చెప్పే ఓపిక లేదని మొహంలోనే తెలుస్తోంది. వెనకవాళ్ళు తోస్తున్నారు. పిన్ని పక్కకి జరిగింది. టైము మూడూ ఇరవై.

నేను డైరీలోంచి నా పట్టీ తీశాను. ఇంకా కట్టుకోలేదు, పూస వదులుగానే ఉంది. దాన్ని ఆవిడ ముందు చాపాను. తర్వాత ఎలాగో అన్నాను, "ఇది మా పిన్నికి కట్టండి."

"ఒసే నత్తా, నువ్వేం చేస్తావ్?"

"నేను ఆ బస్టాపు బల్ల మీద కూర్చుంటాను. ఇక్కడికే కనపడుతోంది."

"వద్దు. ఇంటికి పోదాం పద."

"ఇంటికి పోతే అమ్మ ఏమైందని అడుగుతుంది," అన్నాను.

పిన్ని చెయ్యి చాపింది. కాపలా ఆవిడే పట్టీ కట్టి పూస లాగింది. ఒకే చేతికి రెండు పట్టీలు. "అమ్మాయిని నేనూ చూస్తుంటాలే," అంది నా వైపు తల ఊపి. పిన్ని లోపలికి వెళ్ళింది. మూడుసార్లు వెనక్కి చూసింది.

బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా పొడవాటి ఇనపకంచె, దానికి నల్లగుడ్డ కట్టి ఉంది. ఏమీ కనపడదు. నాలుగయ్యాక ముందు బల్ల అదిరింది, తర్వాత చెవికి వినపడింది. ఏడాదిగా ఒకే గదిలో వింటున్నదాన్ని, మొదటి పది చప్పుళ్ళకే తెలిసిపోయింది. 'మెట్లు'. వెంటనే డైరీ తీసి రాశాను. నాలుగూ మూడు, మెట్లు. నాలుగూ పన్నెండు, తెలియనిది, మెల్లగా ఉంది. నాలుగూ ఇరవై, తడి దుప్పటి, కానీ వేగంగా వాయించాడు. ఎందుకు రాశానో అప్పుడు అనుకోలేదు. చేతిలో కలం ఉంది, రాశాను.

ముప్పావు గంట అయ్యాక అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కంచె అవతల అన్ని వేలమందీ చప్పుడు చేయలేదు. నేను లెక్కపెట్టాను, పదకొండు దాకా. అప్పుడు పడింది. బల్ల కింద కంకర కదిలింది. నాకు ఎందుకో కళ్ళు మండాయి.

అయిదూ నలభైకి పిన్ని వచ్చింది. ఒక చెంప మీద గడ్డి అచ్చులు పడి ఉన్నాయి. నా పక్కన కూర్చుని బూట్ల తాళ్ళు వదులు చేసుకుంది.

"నిద్రపోయానే," అంది.

నాకు అర్థం కాలేదు.

"ముందు వరసలోనే దొరికింది చోటు. ఇంకా అరగంట ఉంది కదా అని గడ్డిమీద కూర్చున్నా. వాడు రావడం చూశా. నిజంగానే పొడుగోడే. మొదలుపెట్టాడు, నేల అదిరింది, లాండ్రీలో ఉన్నట్టే అనిపించింది. ఆ తర్వాత ఎవరో పిల్ల భుజం తట్టి లేపింది. అయిపోయింది ఆంటీ, అంది." పిన్ని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఆరేళ్ళు ఎదురుచూశానే."

నేను ఆమె జుట్టులో ఇరుక్కున్న గడ్డిపరక తీశాను.

"అక్కకి చెప్పకు. కుట్టు నిలిచిందా అని అడిగితే నిలిచిందని చెప్పు." ముంజేతి మీద అమ్మ కుట్టిన పట్టీని లాగి చూసుకుంది. "నిలిచింది కూడా. అబద్ధమేం కాదు. నీ పట్టీ ఇంటికెళ్ళేలోపే తీసేస్తా. ఇది మాత్రం రేపు రోలరు దగ్గర అక్కే కత్తిరిస్తుంది."

నేను డైరీ తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు తేలేదంది. నన్నే చదవమంది.

"నాలుగూ మూడు, మెట్లు," అని చదివాను.

"మెట్లతో మొదలుపెట్టాడా? ఊఁ. అది విన్నా కొంచెం."

చదువుతూ పోయాను. తెలియని పాట దగ్గర ఎలా ఉందో నోటితో చేసి చూపించమంది. పక్కనే ఇద్దరు మనుషులున్నారు. అయినా చేశాను. పిన్ని బల్ల చెక్క మీద వేళ్ళతో కొడుతూ, కళ్ళు మూసుకుని వింటోంది. మా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఇద్దరం లేవలేదు.

"నాలుగూ నలభై ఎనిమిది, ఖాళీ గది. మధ్యలో అంతా..."

పిన్ని చెయ్యెత్తింది. "ఆగు. అక్కడ వెంటనే చదవకు."

ఆగాను. ఆమె వేళ్ళు చెక్కమీద కదలకుండా ఉన్నాయి. నేను మనసులో పదకొండు దాకా లెక్కపెట్టి, తర్వాతి మాట చదివాను.