నాలుగు మాటలు పట్టే అద్దం

నాటకానికి వచ్చినవాళ్ళు వేదిక మీద ఎవరెవరినో చూస్తారు. తెర పక్కన చీకట్లో, చెక్క స్టూలు మీద, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ చూడరు. నటుడు మాట మరిచిపోతే, ముందు వరసవాళ్ళకి కూడా వినపడకుండా దాన్ని నటుడి చెవిన వెయ్యడం ఆ మనిషి పని. ప్రాంప్టర్ అంటారు. ఈ నాటక బృందంలో ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నావిడని అందరూ గుసగుసక్కయ్య అంటారు. అసలు పేరేమిటని అడిగితే ఆవిడ కూడా కాసేపు ఆలోచించాలి.

ఆ గుసగుసక్కయ్య రెండేళ్ళుగా పుస్తకంలో ఒక్క అక్షరం చదవలేదు. నమ్మరు కదా? ఎవరూ నమ్మరనే ఆవిడ ధైర్యం కూడా. చూపు మధ్యలో ఒక మసక మరక వచ్చి కూర్చుంది. చుట్టూ అంతా కనిపిస్తుంది, దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా అదే మాయమైపోతుంది. మనిషి వైపు చూస్తే చెవులు కనిపిస్తాయి, ముఖం ఉండదు. పుస్తకం వైపు చూస్తే అంచులు ఉంటాయి, అక్షరాలు ఉండవు. కళ్ళజోళ్ళు మార్చింది, చుక్కలు వేసుకుంది, లాభం లేకపోయింది. చివరికి పై వాటాలో ఉండే ఆడపడుచు చేత నాటకం మొత్తం నాలుగుసార్లు చదివించుకుని, గుక్క తిప్పుకోకుండా కంఠస్థం చేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి స్టూలెక్కి కూర్చునేది. పేజీలు తిప్పడం మాత్రం మానలేదు. ఆ నటన చూస్తే వేదిక మీదివాళ్ళు సిగ్గుపడాలి.

అలా ఇంకెంత కాలం సాగేదో గాని, దర్శకుడు ఒకడున్నాడు. రాసింది రాసినట్టు ఉంచడం ఆయన ఒంట్లోనే లేదు. ఆయన్ని ‘దిద్దుబాటు’ అంటారు బృందంలో, ఆయన వినకుండా. ఒకరోజు రిహార్సల్లో, ముందురోజు సాయంత్రం దిద్దుబాటు మార్చిన మాటల దగ్గర ముఖ్య నటుడు ఆగాడు. ఆ ముఖ్య నటుణ్ణి మహారాజు అంటారు, ఎందుకంటే ఇరవై ఏళ్ళు రాజు వేషాలే వేశాడు. అక్కయ్య ఠక్కున మాట అందించింది. పాత మాట. మహారాజు పాత మాటే గంభీరంగా చెప్పేశాడు.

"పుస్తకం చూసి చెప్పండక్కయ్యా, నిన్ననే దిద్ది ఇచ్చాను కదా" అంటూ దిద్దుబాటు పక్కకి వచ్చి ఆవిడ ఒళ్ళోకి తొంగి చూశాడు. మూడో అంకం నడుస్తోంది. ఒళ్ళో మొదటి అంకం తెరిచి ఉంది.

ఇక నీళ్ళు నమిలి ప్రయోజనం లేదు. అడ్డంగా దొరికిపోయింది. ఆయన్ని తెర వెనక్కి తీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. దిద్దుబాటు చెడ్డవాడు కాదు, కంగారు మనిషి.

"రెండు వారాల్లో ప్రదర్శన అక్కయ్యా. నేనా, ఆఖరి నిమిషం దాకా మారుస్తాను. ఈసారి నేను మీ పక్కనే కూర్చుంటాను. ఒక్కచోట ఖాళీ వచ్చినా, తర్వాతి నాటకానికి వేరేవాళ్ళని చూసుకోక తప్పదు. ఏమనుకోకండి."

"ఏమనుకుంటాను తమ్ముడూ, నీ భయం నీది" అంది అక్కయ్య. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. ఆ స్టూలు పోతే ఆవిడకి మిగిలేది వంటిల్లూ, కిటికీ. అంతకంటే ముందు చచ్చిపోవడం నయమనిపించింది.

ఏడుపు పై వాటాకి వినిపించింది. ఆడపడుచు మెట్లు దిగి వచ్చి, సంగతంతా విని, జాలిపడలేదు. జాలిపడటం ఆమెకి రాదు.

"రెండేళ్ళుగా నా గొంతు అరగదీశావు గాని వదినా, నేను చెప్పిన చోటికి ఒక్కసారి వచ్చావా? కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో, చూపు తగ్గినవాళ్ళకి మళ్ళీ చదవడం నేర్పుతారట అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"అక్కడికెళితే గుడ్డిదాన్నని ఒప్పుకున్నట్టే కదే."

"ఇప్పుడు ఒప్పుకోకపోతే ఎవరు నమ్ముతారంట? చెప్పులేసుకో."

రెండో అంతస్తులో నేర్పే ఆవిడ తీరిగ్గా, ఓపిగ్గా మాట్లాడే మనిషి. మధ్యలో మరక పోదని మొహమాటం లేకుండా చెప్పింది. అంచుల్లో చూపు బాగుంది కాబట్టి అక్షరాన్ని కాదు, అక్షరానికి కాస్త పైన చూడమంది. గుండ్రటి భూతద్దాలు రెండు మూడు ఇచ్చి చూసింది. తర్వాత అరచేతికన్నా కొంచెం పెద్దదైన పలుచటి పెట్టె ఒకటి తెచ్చింది. కింద కెమెరా, పైన తెర. కాగితం మీద పెడితే అక్షరం వేలంత పొడుగున తెర మీదికి వస్తుంది. ఒక మీట నొక్కితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరం. నేర్చుకున్నన్నాళ్ళూ ఇంటికి తీసుకెళ్ళి వాడుకోవచ్చట.

"ఏదైనా చదివి చూడండి" అంది ఆవిడ.

దగ్గర్లో పుస్తకమేదీ లేదు. అక్కయ్య ఆడపడుచు సంచిలోంచి చేతికందిన కార్డు లాగి దాని మీద పెట్టె పెట్టింది. కాస్త పైకి చూసింది. రెండేళ్ళ తర్వాత మొదటి అక్షరం, లావుగా, నున్నగా, నిదానంగా వచ్చి నిలబడింది. దాని పక్కన ఇంకొకటి. అక్కయ్య ఊపిరి బిగబట్టి చివరిదాకా చదివింది.

"నీకు యాభై ఆరా? నాతో యాభై రెండని చెప్పావు కదే."

"నీకు చూపొచ్చి నా కొంప ముంచేలా ఉంది" అని ఆడపడుచు బస్సు పాసు లాక్కుంది. నేర్పే ఆవిడ నవ్వింది, అక్కయ్య నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఎంత సంతోషమేసిందో చెప్పడానికి మాటలు చాలవు. దారంతా బోర్డులు చదవాలని చూసింది గాని, గోడల మీద పెట్టె పెడుతుంటే జనం చూస్తున్నారని ఆడపడుచు చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

సంతోషం రెండు రోజులే. మూడో రోజునుంచి తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ చూపుకి సరిపడేంత పెద్దగా పెడితే ఆ తెరలో నాలుగు మాటలే పడతాయి. నాలుగు చదివి పెట్టె పక్కకి జరపాలి, మళ్ళీ నాలుగు. లైను చివరికి వెళ్ళాక కింది లైను మొదలు వెతుక్కుంటూ వెనక్కి రావాలి. ఈలోగా ఏ లైనో మరిచిపోవడం, పైదే మళ్ళీ చదవడం. వేగం నెలల మీద వస్తుందని నేర్పే ఆవిడ చెప్పింది. చేతిలో ఉన్నవి పది రోజులు.

పై వాటాలో రోజూ సాధన. నాటకం ఒక రైలు స్టేషను మాస్టరు కథ. చదివి చదివి నోటికొచ్చేసిన ఆడపడుచు అన్ని వేషాలూ తనే వేసి గడగడా అప్పజెప్పి, మధ్యలో కావాలని ఆగేది. అక్కయ్య కంఠస్థం వచ్చింది చెప్పకూడదు, పెట్టెలో చూసిందే అందించాలి. అక్కయ్య పెట్టె జరుపుకుంటూ ఆ చోటికి చేరేసరికి ఆడపడుచు టీ పెట్టుకుని వచ్చేది.

"రైలు వెళ్ళిపోయింది వదినా" అనేది టీ చప్పరిస్తూ.

"ఆగవే, వస్తున్నా."

"ప్రేక్షకులు కూడా ఇళ్ళకి వెళ్ళిపోయారు."

ఎనిమిదో రోజు అక్కయ్యకి ఒళ్ళు మండింది. పెట్టెని పేజీ ఎడమ అంచు మీద వదిలేసి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆడపడుచు యథాప్రకారం ఆగింది. అక్కయ్య విసుగ్గా, తెర మీద ఏది కనబడితే ఆ ఒక్క మాట పడేసింది.

"పచ్చజెండా..."

"పచ్చజెండా ఊపిన ప్రతిసారీ నాకు తెలుసు, వెళ్ళేవాళ్ళు వెనక్కి చూడరని" అంటూ ఆడపడుచు మిగతాదంతా తన్నుకొచ్చినట్టు అనేసి, టక్కున ఆగి, వదిన ముఖంలోకి చూసింది.

ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. ముప్పై ఏళ్ళుగా అక్కయ్య చేస్తున్న పని ఏమిటి? నటుడికి లైనంతా అప్పజెప్పడమా? కాదే. మొదటి మాట అందిస్తే చాలు, మిగతాది వాడి నోట్లోంచి అదే వస్తుంది. మరి లైనంతా చదవాల్సిన ఖర్మ ఎవరికి? మొదటి మాటలన్నీ ఎడమ అంచునే ఉంటాయి. పెట్టెని పక్కకి జరపక్కర్లేదు, వెనక్కి రానక్కర్లేదు. అంచు వెంబడి కిందికి తిన్నగా దించుకుంటూ పోతే సరి. మిగిలింది చెవి చూసుకుంటుంది.

"వారం రోజులు నా చేత గానుగ తిప్పించావు కదే" అంది అక్కయ్య.

"నేనా? బాగుంది, తెలివి నీకొచ్చి నింద నాకా" అంది ఆడపడుచు. ఆ పూట ఇద్దరూ మూడు అంకాలూ ఆడేశారు. ఒక్క చోట ఖాళీ రాలేదు.

ప్రదర్శన రోజు దిద్దుబాటు అన్నంత పనీ చేశాడు. కుర్చీ తెచ్చుకుని స్టూలు పక్కనే కూర్చున్నాడు. అంతకుముందు, పొద్దున్నే, మూడో అంకంలో ఎనిమిది లైన్లు మార్చి పుస్తకంలో పాతవాటి పైన పెన్సిలుతో గీకాడు. అవే ఒక చీటీ మీద రాసి మహారాజుకి ఇచ్చాడు. మహారాజు చీటీ తెరిచి చూసి, తల ఊపి, జేబులో పెట్టుకున్నాడు.

"ఆ వెలుగు జనానికి కనిపిస్తుందేమో" అన్నాడు దిద్దుబాటు పెట్టెని అనుమానంగా చూస్తూ. అక్కయ్య నల్లనేల మీట నొక్కి వెలుగు తగ్గించింది.

రెండు అంకాలు నల్లేరు మీద నడకే. రెండుచోట్ల మహారాజు తడబడ్డాడు, రెండుచోట్లా మొదటి మాట చెవిన పడింది, బండి కదిలింది. దిద్దుబాటు కాళ్ళు చాపుకున్నాడు కూడా. మూడో అంకంలో స్టేషను మాస్టరు పదవీ విరమణ చేసి, కొత్తగా వచ్చిన మనిషికి తాళాలు అప్పగిస్తాడు. మహారాజు తాళాలు చేతికిచ్చి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

"గంట..." అంది అక్కయ్య గుసగుసగా.

ఉలుకూ పలుకూ లేదు.

"గంట నేను..."

మహారాజు తెర వైపు చూస్తున్నాడు, దాహమేసిన మనిషిలాగా. మొదటి మాట చాలనుకున్న లెక్కంతా తప్పింది. ఈ మనిషికి ఆ ఎనిమిది లైన్లు రావు. ఒక్కటి కూడా రాదు.

దిద్దుబాటు పుస్తకం లాక్కున్నాడు. జేబులోంచి చిన్న టార్చి తీసి, చెయ్యి అడ్డం పెట్టి, ముక్కు ఆనించి చూశాడు. పెన్సిలు గీతలు కాగితంలో కలిసిపోయాయి. పైగా రాసింది ఆయన.

"ఏమిటి రాశాను ఇక్కడ?" అన్నాడు బిక్కచచ్చిపోయి.

అక్కయ్య పుస్తకం ఒళ్ళోకి లాక్కుని పెట్టె పెట్టింది. మసక పెన్సిలు గీతలు నల్లటి నేల మీద తెల్లగా, సుద్దముక్కతో రాసినట్టు పైకి లేచాయి. కాస్త పైకి చూసింది.

"గంట నేను కొడితేనే కదిలేది..."

మహారాజు అందుకున్నాడు. అక్కయ్య పెట్టె జరిపింది. జరిపినంత సేపూ వేదిక మీద నిశ్శబ్దం.

"ఎంతమందిని పంపించానో లెక్కలేదు..."

మహారాజు అన్నాడు. మళ్ళీ నిశ్శబ్దం. నాలుగు మాటలు, ఒక విరామం. నాలుగు మాటలు, ఒక విరామం. లైను మొదటికి వెనక్కి వచ్చేటప్పుడు ఇంకాస్త పెద్ద విరామం. అక్కయ్య వీపు చెమటతో తడిసిపోయింది. పక్కన దిద్దుబాటు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అంతా అయిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు.

"నన్ను పంపించడానికి ఇవాళ ఎవరొచ్చారు..."

ఎనిమిదో లైను అయ్యింది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. ఎక్కడో ఒకరు ముక్కు ఎగబీల్చారు. తర్వాత చప్పట్లు మొదలై, ఆగక, తర్వాతి పాత్ర నోరు తెరవడానికి కూడా సందు ఇవ్వలేదు. ముసలి మనిషి మాట పెగలక, గుండె పట్టలేక, ఆగి ఆగి మాట్లాడాడని హాలంతా కరిగిపోయింది.

దిద్దుబాటు ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది.

"అక్కయ్యా, ఆ విరామాలు... రేపు కూడా అలాగే ఉంచుదాం."

"మార్చవు కదా?"

"ఒట్టు. గురువారం కొత్త నాటకం మొదటి రిహార్సలు. తొందరగా రండి, మీ పెట్టెతో సహా" అన్నాడు. అక్కయ్య స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది. లేచి గంతులేయాలనిపించింది గాని, చీకట్లో కాళ్ళకి తాళ్ళు తగులుతాయని ఆగింది.

అందరూ వెళ్ళాక మేకప్ గదిలోంచి మహారాజు పిలిచాడు. సగం మీసం ఊడదీసుకుని కూర్చున్నాడు. పొద్దుటి చీటీ చేతిలో ఉంది.

"మన్నించు చెల్లాయ్, నిన్ను చంపేశాను ఇవాళ."

"ఎందుకు మరిచిపోయారండీ? ఎనిమిది లైన్లు మీకొక లెక్కా?"

"మరిచిపోలేదు. చదవనే లేదు." ఆయన తలెత్తలేదు. "విప్పి చూస్తే తెల్లకాగితంలా ఉంది. ఏడాదిన్నరగా ఇంతే. రిహార్సళ్ళలో నీ గొంతు విని విని నేర్చుకుంటున్నాను. చెబితే వేషాలివ్వరని భయం. నువ్వున్నావు కదా అని ధైర్యం."

అక్కయ్య మనసులో లెక్క చూసుకుంది. తను చూపు లేకుండా అందిస్తుంటే, ఆయన చూపు లేకుండా అందుకున్నాడన్నమాట ఇన్నాళ్ళూ. ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక పకపకా నవ్వింది. ఆయన కంగారుగా చూస్తే విషయం చెప్పింది, ఇక ఆయన నవ్వుకి మిగతా సగం మీసం కూడా ఊడింది.

నవ్వులు అయ్యాక అక్కయ్య ఆయన చేతిలోని చీటీ బల్ల మీద పరిచి, పైన పెట్టె పెట్టి, అక్షరానికి కాస్త పైన చూడమంది. మహారాజు వంగాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"గం..." అన్నాడు.

అక్కయ్య పెదవుల దాకా వచ్చింది మాట. ముప్పై ఏళ్ళ అలవాటు, ఊరికే పోతుందా? నాలుక కరుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయనే చదివేదాకా కూర్చుంది.