తెరకు రెండువైపులా

నేను ఒక గుమ్మం తెరను. పుట్టుకతో తెరను కాదు, చారల పరుపుగుడ్డను. మగ్గం మీదనుంచి దిగి, బేలులో బిగిసి, చిలకలూరిపేటలో పరుపులు కుట్టే కాలేషా కొట్టుకు చేరాను. మొదట ఒక కాంట్రాక్టరుగారి పెళ్ళిపరుపునయ్యాను. ఆ మొగుడూ పెళ్ళాలు నామీద పక్కపక్కనే పడుకుని ఒకరి ఫోను ఒకరు దొంగచాటుగా చూసుకునేవారు. మనుషుల మీద నాకు నమ్మకం పోయింది అక్కడే.

ఆరేళ్ళకు దూది గడ్డకట్టింది. పరుపు మళ్ళీ కొట్టుకే వచ్చింది. దూది ఏకి కొత్తగుడ్డలో నింపారు. నన్ను పారేయబోతుంటే కాలేషా తల్లి మీరాబీ అడ్డుపడింది. ఉతికి, చిరుగు మేర కత్తిరించి, వంటింటికీ నడిమింటికీ మధ్య గుమ్మానికి వేలాడదీసింది. అప్పటినుంచీ నాకు చెవులు రెండువైపులా ఉన్నాయి.

కాలేషా చేసుకున్న పిల్ల పేరు దీవెన. చర్చిలో పాటలు పాడే పిల్ల. ఇస్లాంలో చేరేటప్పుడు పలికే కలిమా చదివి సఫియా అయింది. ఆమె నడిమింట్లో నమాజు చేసేది. మీరాబీ వంటింట్లో నా వెనక నిలబడేది. నోటితో చదివింది సరే, మనసుతో చదివిందా అని ఆమె అనుమానం. కోడలి పెట్టె అడుగున పాత పుస్తకమేమైనా దాచిందేమోనని రెండుసార్లు వెతికింది కూడా. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకాస్త పెరిగింది. ఆమె ఊపిరి నా చారలకు వేడిగా తగిలేది.

సఫియాకు ఆ సంగతి తెలుసు. నా కింద అత్తగారి కాళ్ళు కనపడేవి మరి. అందుకే నమాజు తర్వాత చేతులెత్తి, కావలసింది వేడుకుంటూ దువా చేసేటప్పుడు "యా అల్లా" అని ఆగిపోయేది. ఆ తర్వాత ఏమని పిలవాలో, ఏ పిలుపు పాతవాసన కొడుతుందో అని భయం. అడగడానికి ఇంకా భయం. అడిగితే, ఇంతకాలం తెలీకుండానే చేస్తున్నావా అంటారు.

ఒక మధ్యాహ్నం మీరాబీ పొయ్యి మీద పప్పు కలుపుతూ, దర్గా ఉన్న దిక్కుకు తిరిగి, "బాబా, తండ్రీ, నువ్వే దిక్కు, నా కొడుకు కొట్టు చల్లగా చూడు" అంది. నాకు ఇటువైపు సఫియా తన చంటికూతుర్ని ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమె మొహం తేటపడడం నేను చూశాను. మర్నాటినుంచి దువాలో ఆమె నోట ధైర్యంగా "తండ్రీ" అని వచ్చింది.

పదినెలల నస్రీనుకు జ్వరం వచ్చిన రోజున ఆ పిలుపు కాస్త గట్టిగా వచ్చింది. "తండ్రీ, నా బిడ్డ ఒళ్ళు చల్లబరుచు."

మీరాబీ నన్ను ఒక్క గుంజు గుంజింది. రింగు ఒకటి తెగింది.

"ఎవుర్ని పిలుస్తన్నావే? చర్చిలో పిలిచే తండ్రినా? ఇదా నీ నమాజు?"

చంటిదాన్ని చంకకెత్తుకుంది. రేపు దీనికి ఎవరి పేరు నేర్పుతావో ఎవరికి తెలుసు అంది. డాక్టరు మందుకు జ్వరం రెండురోజుల్లో తగ్గింది. పిల్ల మాత్రం తల్లి దగ్గరకు రాలేదు. మీరాబీ పాలకు ఇచ్చేది, తాగగానే తీసుకునేది. కాలేషాను అడిగితే అమ్మ కోపం తగ్గనీ అని కొట్టుకు పోయాడు. ఇక సఫియాకూ అనుమానాలు మొదలయ్యాయి. అత్త వీధిలో ఎవరికి చెప్పిందో, మొగుడి మౌనం ఎటువైపో, అసలు తన దువా పైకి చేరుతోందో లేదో.

మూడోరోజు మీరాబీ ఖైరున్నీసా ఆపాను వెంటబెట్టుకొచ్చింది. వీధి ఆడవాళ్ళకు ఖురాను చెప్పే పెద్దావిడ. ఇక్కడ నిలబడి మీ చెవులతోనే వినండి అని నా వెనక చోటు చూపించింది.

"చాటుగా వినడం మనకు తగదు మీరాబీ. ఎదురుగానే అడుగుతా" అని ఆపా నన్ను పక్కకు తోసి లోపలికి వెళ్ళి కూచుంది. అల్లాను ఏమని పిలుస్తున్నావమ్మా అని మెత్తగానే అడిగింది.

సఫియా ఇరుకున పడింది. చెబితే అత్త పరువు పోతుంది, పిల్ల ఇక చేతికి రాదు. చెప్పకపోతే దొంగ ముస్లింగా మిగిలిపోతుంది. చివరికి అత్త చంకలో ఉన్న పిల్లను చూస్తూ చెప్పింది.

"అత్తమ్మ వంట చేస్తా బాబాను తండ్రీ అంటే విన్నానండి. పెద్దామె నోట వచ్చింది గదా, ఈ ఇంట్లో తప్పుగాదనుకున్నా."

మీరాబీ కళ్ళు చిన్నవయ్యాయి.

"అయితే నువ్వు గూడా వింటన్నావన్నమాట."

ఆపా నవ్వాపుకోలేకపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. అల్లా ఎవరినీ కన్నవాడు కాడు, ఎవరికీ పుట్టినవాడు కాడు, అందుకే తండ్రీ అని పిలవం. మనం ఆయన పిల్లలం కాదు, దాసులం. యా రబ్బీ అను, నా ప్రభువా అని. కరుణ కావాలంటే యా రహ్మాన్, బిడ్డకు నయం కావాలంటే యా షాఫీ. నమాజులో చదివేది అరబీలోనే, దువా మాత్రం నీకొచ్చిన తెలుగులో అడుక్కో, ఆయనకు అర్థం కాని భాష లేదు. తెలియక అన్నదానికి క్షమాపణ అడిగితే చాలు, కంగారుపడకు.

"మరి బాబా సంగతి?" మీరాబీ గొంతు తగ్గింది.

"బాబా కోసం అల్లాను అడుగు. బాబాను అడగబాక. పాఠం ఇద్దరికీ ఒకటే."

అంతలో నస్రీను కునుకుతీసి లేచి ఏడ్చింది. పాలకు టైమైంది, పట్టుకో అని మీరాబీ పిల్లను కోడలి ఒళ్ళో పెట్టింది. పిల్ల తాగింది, తేన్చింది, తల్లి భుజం మీద నిద్రపోయింది. ఎప్పటిలా చేతులు చాపుతుందేమోనని నేను చూస్తూనే ఉన్నాను. మీరాబీ చాపలేదు. ఆపాకు టీ పెడతానని లేచి, నన్ను తప్పించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ కోడలు దువా చేసే వేళకు ఆమె నా వెనకకు వస్తుంది. అనుమానమా, ఇంకేదైనానా, పరుపుగుడ్డను నేనేం చెప్పగలను. కోడలు అల్లాను ఒక్కో పేరుతో పిలుస్తుంటే, వంటింటివైపు అత్త పెదవులు కూడా చప్పుడు లేకుండా కదులుతుంటాయి.