మడతలో మిగిలిన గుడ్డ

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది కుట్టుమిషను. ఇల్లు గడిచేది అమ్మ దర్జీ పనితోనే మరి. మిషను చప్పుడుకి పెద్దమ్మాయి లేచి గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుంటుంది. ఆఖరున చిన్నది లేచి, మేకుకి వేలాడే నీలం గౌను తొడుక్కుని బడికి పరిగెడుతుంది.

ఆ గౌను మొదట అక్కది. ఆ వీధిలో పెద్దవాళ్లు విడిచిన బట్టలే పిల్లలకి. బట్టలతోపాటు వాళ్ల అలవాట్లూ వస్తాయి. మంగలి కొడుకు తాత కోటు వేసుకున్న నాటినుంచి మధ్యాహ్నం కాగానే కూర్చున్నచోటే కునుకు తీస్తాడు, నిద్రలో లేని మనవల్ని తిడతాడు. రొట్టెల దుకాణం పిల్ల మేనత్త చొక్కా తొడుక్కుని కూరగాయలవాడితో గీచి గీచి బేరమాడుతుంది. "అచ్చం అత్తే!" అని జనం మురిసిపోతారు. అంతకుమించి ఎవరూ బుర్ర పాడుచేసుకోరు.

నీలం గౌనులో చిన్నది కూడా మెత్తగా నడుస్తుంది, అడిగితేనే మాట్లాడుతుంది. "అక్కలాగే బుద్ధిమంతురాలు" అంటారు చూసినవాళ్లు. ఇంటికొచ్చి గౌను విప్పాక దాని నోటికి తాళం ఉండదని వాళ్లకేం తెలుసు! చిక్కల్లా ఒకటే. ఆ గౌనులో చేయి భుజం దాటి లేవదు. అక్క బడిలో ఏనాడూ చేయెత్తలేదు.

ఇదేమంత చిన్న సంగతి కాదు. ఆఖరి తరగతిలో పంతులమ్మ ఒక్కసారే అడుగుతుంది, పై బడికి ఎవరెవరు వెళ్తారని. ఎత్తిన చేతులు వెళ్తాయి, మిగతావి ఇంటి పనిలో కుదురుకుంటాయి. అక్క చేతులు గుండీల దగ్గర కుదురుకున్నది అలాగే. చిన్నదానికేమో పై బడి మీదే ప్రాణం. అక్కడ వంతెనలు ఎలా నిలబడతాయో చెబుతారట. పంతులమ్మ అడిగేది రేపే.

"అమ్మా, రేపొక్కరోజు ఇంకేదైనా ఇవ్వవే."

"బడికి నీలమే వేసుకోవాలి. అక్కకి సరిపోయింది నీకు సరిపోదా?"

"చంకల్లో పట్టేస్తోందే!"

"బుద్ధిగా కూర్చునే పిల్లకి ఎందుకు పడుతుందమ్మా?" అంది అమ్మ, మిషను తొక్కుతూనే.

అక్క చేతిలో సూది ఆగింది. గౌను లాక్కుని లోపలివైపు తిప్పింది. ఎదిగే పిల్లలకి అమ్మ ఎప్పుడూ కుట్టు పక్కన రెండు వేళ్ల గుడ్డ లోపలికి వదులుతుంది. అక్క ఎదిగేకొద్దీ అమ్మ కింది అంచు విప్పి పొడుగు చేసింది గానీ, చేయెత్తని పిల్లకి అవసరమేముందని చంకల కింద కుట్లు ముట్టుకోలేదు. అక్క వాటిని ఒక్కొక్కటే తెంపింది. మడతలోంచి చిక్కటి నీలం బయటపడింది, కొట్లోంచి తెచ్చిన రోజు రంగు.

"ఇది నేను వేసుకోలేదే," అంది అక్క. "ఎవరూ వేసుకోలేదు. దీనికింకా ఏమీ తెలీదు."

అమ్మ మిషను ఆపింది. ఆ రంగుని వెలుగులోకి తిప్పి చూసింది. తర్వాత, "దారం రెండు పేటలు వేసి కుట్టు, లేకపోతే తెగుతుంది," అంది.

మర్నాడు పంతులమ్మ అడగనే అడిగింది. వెలిసిన గౌను చేతులు బల్లకి అతుక్కుపోయాయి. చిన్నదానికి ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడు చంక కింద కొత్త నీలం కదిలింది. లేవడం అలవాటు లేని గుడ్డ కదా, అడ్డదిడ్డంగా లాగింది. ముందు మోచేయి లేచింది, అది వెళ్లి పక్కపిల్ల జడకి తగిలింది, చివరికి చేయంతా లేచి నిలబడింది.

"రాసుకున్నానమ్మా, ఇక దించు," అంది పంతులమ్మ.

దిగితేగా! వీధంతా ఎత్తిన చేయితోనే నడిచింది. "ఎవర్నే పిలుస్తున్నావు?" అన్నాడు మంగలి. చూడగానే అమ్మకి సంగతి తెలిసిపోయింది, చేతిలో ఉన్న గుడ్డముక్కతోనే కళ్లొత్తుకుంది. అక్క పకపకా నవ్వి, ఆ చేయి పట్టుకుని మెల్లగా దించింది.

"అక్కా, నీ చొక్కాలో కూడా ఉంటుందా, లోపల గుడ్డ?"

అక్క నవ్వు ఆపి, చంక కింద కుట్టు వెంట వేలితో తడుముకుంది.

"ఉంది," అంది.

అమ్మ లేచి కత్తెర తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.