బొట్టు పిలుపు

రెండో బిందె మెడ దగ్గర పట్టిన చిలుము వదలడం లేదు. శ్యామలమ్మ చింతపండు పిప్పిలో ఇంకాస్త ఉప్పు కలిపి, బొటనవేలితో నొక్కిపట్టి తోమింది. వెనక వాకిట్లో కుళాయి పక్కన ఆమె కూర్చున్న పీటకు ఒక కాలు పొట్టి. ఇరవై రెండేళ్లుగా ఆ పీట మీదే కూర్చుని తోమడం వల్ల ఆమె నడుం కూడా ఒక పక్కకే వంగింది. పులుపుకు వేళ్ల సందులు తెల్లగా పాలిపోయాయి. గోళ్ల చుట్టూ చర్మం చీలింది. నాచారం చౌరస్తాలో షేర్ ఆటో దిగే పదిమంది ఆడవాళ్లలో ఆమె ఎవరో చూపించమంటే ఎవరైనా తడుముకోవాల్సిందే.

తెల్లారితే సద్దుల బతుకమ్మ. ఏటా దసరా ముందు సజ్జ మీది ఇత్తడి, రాగి సామానంతా కిందికి దిగేది. అదంతా తోమడం శ్యామలమ్మ పని. పనయ్యాక ఆ ఇంటావిడ రాజేశ్వరమ్మ కాళ్లూ చేతులూ కడుక్కుని, కుంకుమ భరిణె తెచ్చి, ఆమె నుదుట బొట్టు పెట్టి, "రేపు పూలకు రా శ్యామలా" అనేది. ఆ ఒక్క మాటతో మర్నాడు ఆమె పనిమనిషి కాకుండా పోయేది. ఉతికిన చీర కట్టుకుని ముందు తలుపులోంచి వచ్చి, హాల్లో చాప మీద కూర్చుని బతుకమ్మను పేర్చేది. గుమ్మడాకు మీద తంగేడు, దాని మీద గునుగు, ఆపైన బంతి. వీధిలో ఉద్యోగస్తుల భార్యలంతా చుట్టూ కూర్చుని ఆమెకు పూలు అందించేవాళ్లు. ఆమె పేర్చిన బతుకమ్మ ఏ ఏడూ పక్కకు ఒరగలేదు. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఒక ఎత్తు, ఆ సాయంత్రం ఒక ఎత్తు.

బొట్టు పెట్టి పిలవకపోతే మాత్రం ఆమె వెళ్లదు. పిలవని పేరంటానికి పోయేంత బుద్ధిలేనిదాన్ని కాదని ఆమె పట్టుదల.

రాజేశ్వరమ్మ భర్త జనార్ధనరావు పోయి వచ్చే కార్తీకానికి రెండేళ్లు. ఏడాది దాటలేదని నిరుడు ఆ ఇంట్లో పండుగ చేయలేదు. ఈ ఏడు చేస్తున్నారు. చిలకానగర్‌లోని శ్యామలమ్మ రేకుల ఇంట్లో గోనెసంచి నిండా గునుగు పూలున్నాయి. మొన్న ఆమె తమ్ముడు బాలరాజు కీసర పొలాల గట్ల మీద కోసి తెచ్చి ఇచ్చాడు. పిలుపు రాకముందే వాటికి గులాబీ, ఊదా రంగులద్ది ఆరబెట్టింది. అందుకని పొద్దుటి నుంచీ ఆమె చేతులు తోముతున్నా కళ్లు మాత్రం వంటింటి తలుపు మీదే ఉన్నాయి.

ఇంటి లోపల వేరే పని జరుగుతోంది. కోడలు అమృత హాల్లో మూడు అట్టపెట్టెలు పెట్టింది. ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి అని వాటి మీద రాసింది. పండుగంటే సామాను తక్కువగా, సమయం ఎక్కువగా ఉండాలని ఆమె ఎక్కడో చూసింది. చెడ్డ ఆలోచనేం కాదు. మామగారున్న చివరి దసరాకు అత్తగారు మూడు రోజులు పొయ్యి ముందు నిలబడి అరిసెలూ గారెలూ వండి, తీరా పండుగనాడు జ్వరంతో పడుకుంది. అమృత ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ ఒక్క చేత్తో లాగుతోంది. విజయవాడ పిల్ల, మాట మెత్తన. ఈసారి బతుకమ్మను కూడా దుకాణంలో పేర్పించి తెప్పిస్తున్నామనీ, ఆడవాళ్లందరికీ ఫోన్ గ్రూపులో కబురు పెట్టేశాననీ శ్యామలమ్మతో సంతోషంగా చెప్పింది.

"గట్లనే అమ్మా" అంది శ్యామలమ్మ.

ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. గ్రూపులు అందులోకి రావు. పేర్చే పని లేకపోతే పోయింది, పిలుపు పిలుపే కదా అని తనకు తానే చెప్పుకుంది.

మధ్యాహ్నం గంగాళం తోముదామని వంచితే అడుగున పాతచీర ముక్కలో చుట్టిన మూట తగిలింది. విప్పి చూస్తే కుంకుమ భరిణె. జనార్ధనరావు సార్ చనిపోయిన నెలలో రాజేశ్వరమ్మ దాన్ని తన కంటికి కనబడకుండా సజ్జ మీద పెట్టించింది. పెట్టింది శ్యామలమ్మే. మర్చిపోయింది.

గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న రాజేశ్వరమ్మ చేయి చాపింది. ఇచ్చింది శ్యామలమ్మ. రాజేశ్వరమ్మ మూత తీసి చూసింది. లోపల కుంకుమ సగానికి పైగా అలాగే ఉంది.

"ఇగ నేనేం జేసుకుంట దీన్ని? నువ్వు దీస్కపో" అంది.

అని కూడా ఇవ్వలేదు. కాసేపు భరిణె లోపలికి చూస్తూ కూర్చుంది. తర్వాత ఉంగరపు వేలు కుంకుమలో అద్దింది. వంటింట్లో ఎవరూ లేరు. అమృత హాల్లో ఫోను మాట్లాడుతోంది. రాజేశ్వరమ్మ ముందుకు వంగి, "శ్యామలా, రేపు..." అని వేలు ఎత్తింది.

శ్యామలమ్మ తల వెనక్కి జరిగింది.

ఆమె జరపలేదు, జరిగింది. ఎంతో కాదు, ఒక్క గింజంత. పోయిన నెల ఆమె భర్త పోశయ్య గుండెనొప్పితో గోదాములో కాపలా కుర్చీ మీంచి కింద పడిపోయాడు. ఎనిమిది రోజులు దవాఖానాలో ఉంచి ఇంటికి పంపారు. అప్పటి నుంచి అతను కునుకు తీసినప్పుడల్లా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తోంది. మొగుడు పోయిన మనిషి చేతి బొట్టు పెట్టించుకోకూడదని చిన్నప్పటి నుంచీ విన్న మాట, ఆ కుంకుమ వేలు దగ్గరికి వచ్చేసరికి ఆమె కంటే ముందు ఆమె మెడకు గుర్తొచ్చింది. అంతే.

రాజేశ్వరమ్మ చూసింది. వేలు దించి చీర కొంగుకు తుడుచుకుంది. భరిణెకు మూత పెట్టి బిందె పక్కన నేల మీద ఉంచింది.

"పోశయ్యకు ఎట్లుంది?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నడమ్మా."

"మందులు ఆపకుండ్రి" అని, కుర్చీ చేతులు పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది.

శ్యామలమ్మకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఇరవై రెండేళ్లు తనకు తిండి పెట్టిన చెయ్యి అది. తన కూతురు రాణి పుట్టినప్పుడు పురిటి బట్టలు కుట్టి పంపిన చెయ్యి. లోపలికి పోయి, తల వంచి, పెట్టమ్మా అని అడుగుదామని లేచింది. తడి చేతులతో గది దాకా వెళ్లింది. తలుపు వేసి ఉంది. తడదామని చేయి ఎత్తి, మళ్లీ మెడ అలాగే జరిగితే ఎట్లా అనుకుని దించేసింది.

అమృత అప్పుడే ఇచ్చేవి అని రాసిన పెట్టెను తాడుతో కట్టి తెచ్చింది. కొత్త చీర కూడా పైన పెట్టింది. రేపు రానక్కర్లేదనీ, పండుగపూట ఇంట్లో ఆయన దగ్గర ఉండమనీ మనసారా చెప్పింది. శ్యామలమ్మ తలూపి, వాకిట్లోకి వెళ్లి మిగిలిన సామాను కడిగింది. చివరికి భరిణెను చింతపండుతో తోమి, మూత తీయకుండానే పైపైన కడిగి, కొంగుతో పొడిగా తుడిచింది. తీసుకుపోవడానికి చేతులు రాలేదు. పీట మీద పెట్టి, అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని బయలుదేరింది.

మర్నాడు గునుగు పూలన్నీ పక్కింటి సంతోషికి ఇచ్చేసింది. పొద్దు వాలాక గల్లీలో చప్పట్లూ పాటలూ మొదలయ్యాయి. మంచం మీంచి పోశయ్య, "ఏందే, ఇయ్యాల నాచారం పోలే? పిలువలేదా?" అన్నాడు.

"పిలువబోయింది. నేనే తల ఎనకకు దీసిన."

అతను అటు తిరిగి పడుకున్నాడు. ఆమె చాలాసేపు గడపలో కూర్చుని ఏడ్చింది.

దసరా తర్వాత ఆమె ఆ ఇంటికి వెళ్లలేదు. అమృత ఫోన్ చేస్తే మోకాళ్లు నొస్తున్నాయంది. మల్లాపూర్‌లో ఒక అపార్టుమెంటులో మెట్లు ఊడ్చే పనికి కుదిరింది. నాచారంలో ఆ ఇల్లు ఇప్పుడు చాలా తేలికగా ఉంది. సజ్జలన్నీ ఖాళీ. వెనక వాకిట్లో పొట్టి కాలి పీట ఒక్కటే మిగిలింది. దాన్నీ, దాని మీది భరిణెనూ ఏ పెట్టెలో వేయమంటారని అమృత రెండుసార్లు అడిగింది. అక్కడనే ఉండనీ అంది రాజేశ్వరమ్మ. భరిణె పైన ఇత్తడి తళతళలాడుతోంది. మూత కింద పాత కుంకుమలో ఉంగరపు వేలు అద్దిన చిన్న గుంట అలాగే ఉంది.